అప్పుల పుస్తకం తెలిసినవాళ్లకు ప్రోగ్రామింగ్ కష్టమా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కొత్తవాళ్లకు ఎలా నేర్పాలో చెప్పమని నన్ను పిలిచారు. ఇంజనీరింగ్ చదివినవాళ్ల సంగతి మనకెందుకు అనుకోకండి. ప్రోగ్రాం అంటే మిషన్ చెయ్యాల్సిన పనిని దానికి అర్థమయ్యేలా వరసగా రాసి ఇవ్వడం. అయితే మిషన్‌కి ఊహ ఉండదు. "టీ పెట్టమ్మా" అంటే మన అమ్మాయి పెట్టేస్తుంది. మిషన్‌కి గిన్నె పెట్టు, నీళ్లు పొయ్యి, స్టవ్ వెలిగించు అని ఒక్కొక్కటీ చెప్పాలి. వెలిగించమనడం మరిచిపోతే నీళ్లు కాగవు.

అందుకే మొదటి రోజు కంప్యూటర్ అక్కర్లేదు. పిల్లల్ని ఇద్దరిద్దరిని నిలబెట్టండి. ఒకరు మిషన్, ఒకరు చెప్పేవాళ్లు. తలుపు దాకా నడిపించి గడియ తీయించాలి. చెప్పింది తప్ప మిషన్ ఇంకేమీ చెయ్యకూడదు. కాసేపు నవ్వుకుంటారు, కానీ అసలు పాఠం అక్కడే ఒంటబడుతుంది.

రెండో రోజు మన అప్పుల పుస్తకం తెరవండి. ఒక అక్క 10,000 రూపాయలు అప్పు తీసుకుంది. నెలకు నూటికి రూపాయి వడ్డీ. నెలనెలా అసలులో 1,000 కడుతుంది. మిషన్‌కి ఇలా రాసిస్తాం:

1. 'బాకీ' అనే డబ్బాలో 10,000 పెట్టు. 'మొత్తం వడ్డీ' డబ్బాలో 0 పెట్టు.
2. బాకీ సున్నా అయ్యేదాకా కింది రెండు పనులూ మళ్లీ మళ్లీ చెయ్యి.
3. బాకీని 100తో భాగించు, వచ్చింది 'మొత్తం వడ్డీ'లో కలుపు.
4. బాకీలోంచి 1,000 తీసెయ్యి.

ఈ డబ్బానే వేరియబుల్ అంటారు. మళ్లీ మళ్లీ చెయ్యడం లూప్. "మీటింగ్‌కి రాకపోతే జరిమానా రాయి" లాంటిది కండిషన్. ఈ మూడూ వస్తే పునాది పడ్డట్టే.

లెక్క చూద్దాం. మొదటి నెల వడ్డీ 100, రెండో నెల 90, అలా తగ్గుతూ పదో నెల 10. మొత్తం 550 రూపాయలు. ఇప్పుడు మూడో లైనులో 'బాకీ' తీసేసి 'మొదట తీసుకున్న అప్పు' అని రాయండి. ప్రతి నెలా 100 పడుతుంది, మొత్తం 1,000 అవుతుంది. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. ఒక్క మాట మారితే అక్క చేతిలోంచి 450 రూపాయలు అదనంగా పోయాయి. మిషన్ ఏ తప్పూ చూపించదు. రాసింది రాసినట్టు చేసింది.

అక్కలారా, మనకి ప్రోగ్రామింగ్ ఎందుకంటే ఇందుకే. ఫోన్లో, ట్యాబ్‌లో కనిపించే ప్రతి అంకె వెనక ఎవరో రాసిన రూలు ఉంటుంది. "వడ్డీ దేని మీద వేశారు?" అని అడగడం మన హక్కు. అది తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే అప్పు ఇచ్చేవాళ్లు ఎవరైనా సరే జాగ్రత్తగా మాట్లాడతారు.

మూడో మెట్టులో కంప్యూటర్ తెరవండి. స్క్రాచ్ అని ఒకటుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో తయారై 2007లో అందరికీ వచ్చింది, పైసా కట్టనక్కర్లేదు. అందులో ఆదేశాలు రంగురంగుల ముక్కలుగా ఉంటాయి, ఒకదానికొకటి తగిలిస్తే చాలు. చెయ్యి తిరిగాక పైథాన్ లాంటి భాషకి వెళ్లొచ్చు. అదీ ఉచితమే.

నేర్పేవాళ్లకు రెండు మాటలు. పిల్ల తడబడితే మౌస్ లాక్కోకండి. ఎర్రర్ వస్తే తిట్టకుండా "నువ్వు చెప్పింది మిషన్‌కి ఏమని అర్థమైంది?" అని అడగండి. ఒక కంప్యూటర్ దగ్గర ఇద్దరు కూర్చుంటే వంతులు పెట్టండి. లేకపోతే అబ్బాయి నొక్కుతుంటాడు, అమ్మాయి చూస్తుంటుంది.

ఇది మగపిల్లల చదువని ఎవరైనా అంటే ఒక్క సంగతి చెప్పండి. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలినాటి పెద్ద కంప్యూటర్‌కి ప్రోగ్రాములు సిద్ధం చేసింది ఆరుగురు ఆడవాళ్లు.

ఈ నెల మీటింగ్‌లో తీర్మానాల పుస్తకంలో ఒక్క లైను రాయండి: గ్రామ సంఘం కంప్యూటర్ ఆదివారం రెండు గంటలు మన పిల్లలకి, ముందుగా ఆడపిల్లలకి. మీకూ కుదిరితే పక్కన కూర్చోండి. లెక్క మీకు తెలుసు, మిషన్ సంగతి వాళ్లు చెప్తారు.