బిల్లు కట్టిన తరువాతి పది రోజులు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎన్ని ఆపరేషన్లకు సాయం చేశామో ఏటా ఈ వేదిక మీద చదివి వినిపిస్తాం. మీరు సంతోషిస్తారు, దుఆ చేస్తారు. ఈసారి ఆ లెక్కలో ఉండి కూడా బతకని ఒక సోదరి గురించి చెబుతాం. ఆమె కుటుంబం ఒప్పుకున్నాకే, పేర్లు లేకుండా చెబుతున్నాం.

ఆమె భర్తది పంక్చర్ షాపు. ఇద్దరు చిన్న పిల్లలు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్‌కు జకాత్ నిధి నుంచి బిల్లు కట్టాం. నాలుగో రోజు డిశ్చార్జి చేశారు. ఇంటికొచ్చిన మరునాడే చలిజ్వరం, కడుపు ఉబ్బరం. భర్త ఫోన్ చేస్తే ఆసుపత్రి వారు, "ఆపరేషన్ తరువాత జ్వరం మామూలే, పారాసిటమాల్ వేయండి" అన్నారు. ఇంకో రెండు రోజులకు ఆమె మాట తడబడింది, మూత్రం ఆగిపోయింది. పెద్దాసుపత్రికి చేర్చేసరికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మూడో రోజున ఆమె కన్నుమూసింది. అల్లాహ్ ఆమెను కరుణించుగాక.

పరామర్శకు వెళ్లి, "మాకెందుకు ఫోన్ చేయలేదు భాయ్?" అని అడిగాం. "ఒకసారి బిల్లు కట్టారు కదా సాబ్, మళ్లీ అడగడానికి ముఖం చెల్లలేదు" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఇంకా వదలలేదు.

ఆమెను తీసుకుపోయిన జబ్బు పేరు సెప్సిస్. కుట్ల దగ్గరో, కడుపు లోపలో ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. దానితో పోరాడబోయి శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకుంటుంది. చలితో వణుకు, వేగంగా ఊపిరి, మత్తు, తికమక మాటలు, మూత్రం తగ్గడం, చల్లబడిన చర్మం, పెరుగుతున్న నొప్పి దీని గుర్తులు. వృద్ధుల్లో జ్వరమే ఉండకపోవచ్చు. షుగర్ ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. ఇక్కడ లెక్క గంటల్లో ఉంటుంది. సకాలంలో యాంటీబయాటిక్స్, సెలైన్ అందితే చాలామంది బతుకుతారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. మిగతావారిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించి కాపాడారు. ఆపరేషన్ తరువాత మనిషిని కనిపెట్టుకుని ఉండడం ఎంత అవసరమో అప్పుడు రాష్ట్రమంతా చూసింది.

ఇక తప్పెవరిది అనే ప్రశ్న. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా ఇన్ఫెక్షన్ రావచ్చు. ఫలితం చెడ్డదైనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని, డాక్టరుపై క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం కనబడాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గుర్తులు కనబడుతున్నా రోగిని చూడకపోవడం వేరు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని అదే కోర్టు 1995లో తేల్చింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళైనా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా న్యాయ సహాయం పొందవచ్చు.

మరి ఆ సోదరి విషయంలో ఏం జరిగింది? "అంతా తఖ్దీర్" అన్నాం, అదే రోజు దఫన్ చేశాం. పోస్టుమార్టం మాట ఎత్తవద్దని సలహా ఇచ్చింది కూడా మేమే. కేస్ షీటు అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ కుటుంబం చేతిలో మిగిలింది ఒక డిశ్చార్జి కాగితం, మన సంఘం రసీదు. ఆపరేషన్‌లోనే లోపం జరిగిందా అన్నది ఇక తేలదు. తఖ్దీర్‌ను నమ్మడమంటే ప్రశ్నించడం మానుకోవడం కాదని ఆలస్యంగా గ్రహించాం. ప్రాణం అమానత్. దానికి ఆసుపత్రి ఎంత జవాబుదారీయో, సాయం చేసిన మనమూ అంతే.

అందుకే ఈ ఏడాది నుంచి మూడు పనులు మొదలుపెట్టాం. డిశ్చార్జి రోజునే సెప్సిస్ గుర్తులు రాసిన కార్డు తెలుగులో, ఉర్దూలో ఇస్తాం. పది రోజులపాటు రోజూ మేమే ఫోన్ చేస్తాం, సోదరీమణులకు సోదరీమణులే చేస్తారు. మంజూరైన సొమ్ములో కొంత తిరిగి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అని పక్కన పెడతాం. రికార్డుల నకళ్లు కూడా అప్పుడే తీసుకుని ఫైలులో భద్రపరుస్తాం.

దాతలైన మీకు మా విన్నపం ఇదే. దీనివల్ల వచ్చే ఏడాది ఆపరేషన్ల సంఖ్య కొంచెం తగ్గవచ్చు. సేవ తగ్గిందని అనుకోకండి. మీలో డాక్టర్లు, నర్సులు, వకీళ్లు ఉన్నారు. వారంలో ఒక గంట ఇవ్వండి. మన దగ్గర సాయం పొందిన ఏ మనిషీ మళ్లీ ఫోన్ చేయడానికి సిగ్గుపడకూడదు.

ఆ ఇద్దరు పిల్లల చదువు బాధ్యత సంఘం తీసుకుంది. మీ దుఆల్లో వారిని మరువకండి. మన పొరపాట్లను అల్లాహ్ మన్నించుగాక. ఆమీన్.