ఋణపత్రమందలి మూడు మాటలు



కఠినమైన ఆంగ్లపదములు కళాశాల విద్యార్థులకు మాత్రమే కావలసినవని పలువురి తలంపు. కాని ఆర్మూరు ప్రాంతమున పసుపు పండించు కర్షకుడు అప్పునకై బ్యాంకునకు పోయిననాడు, అతని యెదుట నిలుచునవి ఆ మాటలే. అర్థమెఱుగక చేసిన చేవ్రాలును, ఎఱిగి చేసిన చేవ్రాలువలెనే సాధారణముగా చెల్లును.

జమాబందీ, తకావీ, రసీదు అనునవియు ఒకనాడు పరాయి మాటలే. నిజాము రాజ్యమున పారసీకము, పిదప ఉర్దూ కచేరీభాషలై యుండెను. నేలయు పన్నును వానితో ముడివడియుండుటచే అక్షరము రానివారు సైతము వాని యర్థమును పట్టుకొనిరి. ఆంగ్లపదములును అట్లే పట్టువడగలవు.

మూడు మాటలు చూడుడు. మొదటిది ప్లెడ్జి. పసుపు బస్తాలను గిడ్డంగిలో నుంచి, రసీదును బ్యాంకున కొప్పగించి అప్పు తెచ్చుట యిట్టిది. సరకు ఋణదాత యధీనమున నుండును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము దీనిని నిర్వచించినది. రెండవది హైపోథికేషను. ట్రాక్టరు రైతు చేతనే యుండును, దున్నుకొనవచ్చును. బాకీ తీఱువఱకు బ్యాంకు అనుమతి లేక అమ్మరాదు. మూడవది మార్ట్‌గేజి, అనగా భూమి, గృహము మొదలగు స్థిరాస్తిపై తనఖా. బాకీ చెల్లించి ఆస్తిని విడిపించుకొను హక్కు యజమానికి గలదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. ఈ హక్కు నెఱుగని రైతు, భూమి పోయినదే యని బెదరి అగ్గువకు అమ్ముకొను ప్రమాదము కలదు.

వీనిని బట్టీ పట్ట నక్కఱలేదు. విడదీసి చూచిన చాలును. ఫ్రెంచి భాషయందలి ‘మార్ట్’ సంస్కృతమందలి ‘మృత’ శబ్దమునకు చుట్టము. ‘గేజి’ యనగా కుదువ. గ్రీకు ‘హైపో’ సంస్కృతపు ‘ఉప’కు జ్ఞాతి. ‘థికే’ యనుదాని మూలధాతువు ‘ధా’ ధాతువునకు తోబుట్టువు. ధర్మశాస్త్రములలో తాకట్టునకు గల ‘ఆధి’ యను పేరు ఆ ‘ధా’ నుండియే పుట్టినది. పరాయివని తోచిన మాటలలో ఇంటివారి పోలికలు కనబడుచున్నవి గదా!

బ్రౌను దొర 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించుటకు ముందు ఏండ్ల తరబడి తెలుగు కావ్యములను సేకరించి చదివించెను. పరదేశీయు డొకడు తెలుగు మాటలకై అంత శ్రమపడగా, సొంత పొలము నిలుపుకొనుటకై నాలుగు ఆంగ్లపదములు నేర్చుట రైతుబిడ్డకు భారము కాదు.

కావున ఋణపత్రము చేతికందిననాడు, చేవ్రాలునకు ముందే దానిని గ్రంథాలయమునకు తెండు. నిఘంటువు బల్లపై నున్నది. చదువు వచ్చిన యువకులు ప్రతి పదమును విప్పి పెద్దలకు వినిపింతురు గాక!