మందు మార్చారంటే ఆశ పోయినట్టు కాదు
(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



"మావాడికి మందులు మార్చారు సిస్టర్, ఇక లాభం లేదా?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. లాభం ఉంది. ఎలాగో వినండి.

హెచ్.ఐ.వి. క్రిమి మన రక్తకణంలో చేరి, తనకు కావలసిన మాంసకృత్తులను పొడవాటి గొలుసులా తయారుచేసుకుంటుంది. ప్రోటియేజ్ అనే కత్తెర ఆ గొలుసును ముక్కలు చేస్తేనే కొత్త క్రిములకు బలం వస్తుంది. 1995లో వచ్చిన సాక్వినావిర్ మొదలు ఈ తరగతి మందులన్నీ ఆ కత్తెర నోటికి అడ్డుపడతాయి.

అయితే, పుట్టే క్రిముల్లో కొన్నింటి కత్తెర ఆకారం కాస్త మారిపోతుంది. మాత్రలు ఒకరోజు వేసి ఒకరోజు మానితే రక్తంలో మందు తగ్గి, అలా మారినవే బతికి పెరుగుతాయి. మందుకు లొంగకపోవడం అంటే ఇదే.

దీనికి ఉపాయం ఆలోచించినవారు మన దేశంలో పుట్టి, అమెరికాలో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త అరుణ్ ఘోష్. కొబ్బరిచెట్టు ఎక్కేవారు మట్టను నమ్మరు, మానును పట్టుకుంటారు. మట్ట ఊడుతుంది, మాను నిలుస్తుంది. అలాగే కత్తెరలో మారే భాగాలను కాక, అంతగా మారని వెన్నుగాడిని గట్టిగా పట్టుకునేలా ఆయన రూపొందించిన మందే దారునావిర్. 2006లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. 2021లో మన హైదరాబాదులోని హెటెరో సంస్థ, దారునావిర్‌ను రిటోనావిర్‌తో కలిపిన మాత్రను పేద, మధ్యాదాయ దేశాలకు మనిషికి ఏడాదికి 210 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది.

ఇంత మంచి మందు కూడా మానేస్తే పనిచేయదు. అందుకే మీరు గుర్తుంచుకోవలసినవి:

1. ఈ మందుకు తోడుగా ఇచ్చే రిటోనావిర్, మందు త్వరగా విరిగిపోకుండా కాపాడుతుంది. రెండూ కలిపి, అన్నం తిన్నాక వేయించండి.

2. అటాజనావిర్ వాడేవారికి కళ్లు పచ్చబడవచ్చు. చాలాసార్లు అది ప్రమాదం కాదు. పచ్చకామెర్లని పసరు తాగించి మాత్రలు ఆపకండి. ముందు డాక్టరుగారికి చూపించండి.

3. గ్యాస్ మాత్రలు, టి.బి. మందులు కొన్ని వీటి బలాన్ని తగ్గిస్తాయి. అడగకుండా కొనివ్వకండి.

4. వైరల్ లోడ్ పరీక్షకు పిలిచిన రోజున తప్పక తీసుకెళ్లండి. ఎ.ఆర్.టి. కేంద్రంలో మందులు ఉచితం. సందేహాలుంటే 1097కు ఫోను చేయండి.

ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయించండి. రెండింటికీ పోటీ లేదు. మీ ఇంటి మనిషిని విడిగా కూర్చోబెట్టక, మీతోపాటే భోజనం పెట్టి, ఆ పూట మాత్ర మీ చేతులతో అందించండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.