ట్రాక్టరుకు సీటు ఒక్కటే

(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం మహాజన సభలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడంటే ఆడిట్ అభ్యంతరాలు, మినిట్సు పుస్తకంలో సంతకాలు, దాణా బాకీలు ఇవే ఉంటాయని మీ అందరికీ తెలుసు. సహకార డిప్లొమా పూర్తిచేసి ఈ ఉద్యోగంలో చేరింది మొదలు దాదాపు ముప్పయి ఏళ్ళుగా నేను చెబుతున్నవీ అవే. ఈ రోజుకు వాటిని కార్యదర్శిగారికి అప్పగించి, వేరే సంగతి చెప్పుకోవడానికి అధ్యక్షులవారి అనుమతి తీసుకున్నాను.

ఈ ఉదయం ఐదున్నర నుంచి ఏడు గంటల వరకు మన సేకరణ కేంద్రం అరుగు మీద కూర్చుని, పాల డబ్బాలతోపాటు వచ్చిన పిల్లలను లెక్కపెట్టాను. పదకొండు మంది వచ్చారు. నడిచి వచ్చినవారు నలుగురు. ముగ్గురు మోపెడ్ల మీద హ్యాండిలుకూ తండ్రి పొట్టకూ మధ్య నిలబడి వచ్చారు. ఇద్దరు వెనకాల డబ్బాల మధ్య ఇరుక్కుని వచ్చారు. మిగిలిన ఇద్దరు ఒకే ట్రాక్టరు మీద, మడ్‌గార్డుకొకరు చొప్పున కూర్చుని వచ్చారు. ఆ ఇద్దరిలో చిన్నవాడికి నాలుగేళ్ళు కూడా నిండి ఉండవు. నిద్రమత్తు వదలలేదు. ఒక చేత్తో కళ్ళు నలుపుకుంటున్నాడు.

వాణ్ణి చూశాక ఇక్కడ అకౌంట్లు చదవబుద్ధి కాలేదు. ఎందుకో చెబుతాను.

2009 వేసవిలో నేను వేరే డివిజనులో పనిచేస్తుండగా ఒక ఊరి సంఘం లెక్కలు చూడటానికి వెళ్ళాను. పని ముగిసేసరికి చీకటిపడింది. ఆ ఊరి నుంచి మెయిన్ రోడ్డు రెండు కిలోమీటర్లు. పాలకవర్గ సభ్యుడొకరు “ట్రాక్టరు మీద దింపుతాను రండి సార్” అన్నారు. ఆయన కూతురు, ఏడేళ్ళ పాప, అప్పటికే ఎక్కి ఎడమ మడ్‌గార్డు మీద కూర్చుని ఉంది. రోజూ తండ్రితో అలా తిరగడం అలవాటు. “సారుకు చోటివ్వమ్మా” అని ఆయన పాపను కుడి పక్కకు మార్చారు. ఎడమ పక్క చేత్తో పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంది. కుడి పక్కది ఎప్పుడో ఊడిపోయింది. కమ్మీ ఉన్న వైపు నేను కూర్చున్నాను.

కాలువ వంతెన దగ్గర రోడ్డుకూ వంతెన పలకకూ మధ్య జానెడు ఎత్తు తేడా ఉంది. వెనక చక్రాలు ఎక్కి దిగినప్పుడు నేను రెండు చేతులతో కమ్మీని పట్టుకున్నాను. సర్దుకుని అటు పక్క చూసేసరికి పాప లేదు. ఇంజను చప్పుడులో అరుపు కూడా వినబడలేదు. చక్రం పాప పాదం మీదుగా పోయింది. ఇంకొక మూరెడు లోపలికి పడి ఉంటే ఏమయ్యేదో మీకు నేను చెప్పనక్కరలేదు.

రెండు ఆపరేషన్లు జరిగాయి. పాదం దక్కింది, మూడు వేళ్ళు పోయాయి. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసి, ఆ ఊరి సంఘంలోనే పాల పరీక్ష చేస్తోంది. కొద్దిగా కుంటుతుంది. నేను ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా కాఫీ తెప్పిస్తుంది. ఆనాటి మాట తానూ ఎత్తలేదు, తండ్రీ ఎత్తలేదు. “పాపను ఇంట్లో దింపండి, నేను నడిచిపోతాను” అని నేను అనవలసింది. రెండు కిలోమీటర్లు నాకొక లెక్క కాదు. కాని అనలేదు.

ఆ తండ్రి తాగి బండి నడిపినవాడు కాదు, తొందరపడినవాడూ కాదు. ట్రాక్టరు గంటకు ఇరవై కిలోమీటర్లకు మించి పోవడం లేదు. “మేము నెమ్మదిగానే పోతాం కదా సార్” అని మీలో చాలామంది అనేమాట ఇదే. అందుకని కొంచెం లెక్క చూద్దాం. మడ్‌గార్డు నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. అక్కడి నుంచి జారినది నేలను తాకడానికి అర సెకను చాలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ అర సెకనులో రెండున్నర మీటర్లకు పైగా ముందుకు పోతుంది. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీద వేయడానికే సెకను పడుతుంది. అంటే ఎంత చురుకైన మనిషైనా బ్రేకు తొక్కేసరికి జరగవలసింది జరిగిపోతుంది. ముందుకు జారితే పెద్ద చక్రం, వెనక్కు జారితే ట్రక్కు చక్రం.

మరొక సంగతి. ట్రాక్టరు వెనక ఇరుసుకు స్ప్రింగులుండవు. డ్రైవరు సీటుకు మాత్రమే ఉంటాయి. గుంటలో పడితే సీటు మీద ఉన్నవాడికి తెలిసే కుదుపు వేరు, మడ్‌గార్డు మీద ఉన్నవాడికి తగిలే కుదుపు వేరు. నాన్నకు ఏమీ తెలియని కుదుపుకే పిల్లవాడు ఎగిరిపడతాడు. పైగా నాన్న చేతిలో స్టీరింగు ఉంటుంది, కాళ్ళు పెడళ్ళ మీద ఉంటాయి. పిల్లవాడికి చేతిలో ఏమీ ఉండదు, కాళ్ళు గాలిలో వేలాడుతుంటాయి.

పొలంలో దుక్కికి వాడేటప్పుడు కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా తొక్కడానికి వీలుంటుంది. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే గొళ్ళెం వేయాలి. ఇది అందరికీ తెలుసు, చాలామంది వేయరు. గొళ్ళెం వేయకుండా రోడ్డు మీద ఒక పెడలు గట్టిగా తొక్కితే బండి ఆ వైపు గిర్రున తిరుగుతుంది. అప్పుడు మడ్‌గార్డు మీద పెద్దవాళ్ళే నిలవలేరు. గడ్డి కత్తిరించే యంత్రానికో, నీళ్ళ పంపుకో ట్రాక్టరు వెనక తగిలించే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. సెకనుకు తొమ్మిది. పాప లంగా అంచు గాని, ఓణీ కొంగు గాని అందుకుంటే లాగి విడిపించే వ్యవధి ఉండదు. షాఫ్టు మీద తొడుగు లేని ట్రాక్టర్లు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

నిన్న సాయంత్రం సభ్యులొకరు తమ ఫోనులో ఒక ఫోటో చూపించారు. వారి అబ్బాయి ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవురోజున స్నేహితుల పొలానికి పోయి, నాలుగు లావు టైర్ల బండి మీద మూడేళ్ళ మనవణ్ణి ముందు కూర్చోబెట్టుకుని తిప్పుతున్నాడు. దానిని అక్కడ క్వాడ్ బైకు అంటారు. ఆవులను తోలడానికి, కంచెలు చూసుకోవడానికి అక్కడి పాడి రైతులకు అది మన మోపెడు లాంటిది. “చూడండి సార్, నాలుగు చక్రాలు, పడే ప్రసక్తే లేదు” అన్నారు వారు. అయ్యా, నాలుగు చక్రాలున్నా అది బోల్తా కొడుతుంది. కొట్టినప్పుడు బండి మనిషి మీద పడుతుంది. ఆ ప్రమాదం ఎక్కువై ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 2021 అక్టోబరు నుంచి అక్కడ అమ్మే కొత్త మామూలు క్వాడ్ బైకులకు, బండి తిరగబడితే నడిపేవాణ్ణి కాపాడే ఇనుప చట్రం ఉండాలి. అమెరికాలో ఇటువంటివే మూడు చక్రాల బండ్లు ఉండేవి. పిల్లలు చాలామంది దెబ్బతిన్నందువల్ల 1988లో వాటి అమ్మకం ఆపించారు. పదహారేళ్ళలోపు పిల్లలు ఈ బండ్లు ఎక్కనే కూడదని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. నడపడమే కాదు, వెనక కూర్చోవడం కూడా. సీటు పొడుగ్గా ఉంటుంది గనుక ఇద్దరికని మనం అనుకుంటాం. మామూలు క్వాడ్ బైకులో ఆ పొడుగు నడిపేవాడు ఎత్తుపల్లాలలో ముందుకు, వెనక్కు జరిగి బరువు సర్దుకోవడానికి. అక్కడ ఇంకొకరు కూర్చుంటే జరగడానికి చోటుండదు, బండి తిరగబడుతుంది. రాత్రే అబ్బాయికి ఫోను చేసి చెప్పానని ఈ ఉదయం వారు అన్నారు. సంతోషం.

ఇక మోపెడ్లు. నలభై లీటర్ల డబ్బా నిండుగా ఉంటే ఒక్క పాల బరువే నలభై ఒక్క కిలోలు, డబ్బా బరువు వేరు. పక్కకొకటి కట్టి, ముందు పిల్లవాణ్ణి నిలబెట్టి వస్తున్నారు. నిండు డబ్బా కన్నా సగం డబ్బా మరీ చెడ్డది. పాలు లోపల ఊగుతాయి, బ్రేకు వేసిన తరువాత కూడా బండిని తోస్తాయి. ముందున్న పిల్లవాడు హ్యాండిలుకు కొట్టుకుంటాడు, వెనక నుంచి తండ్రి బరువు మీద పడుతుంది. గుండెకు ఆనించుకుని ఉన్నాను గదా అని తండ్రి ధైర్యం. కాని ప్రమాదంలో ఆ గుండె తాకిడే పిల్లవాడికి దెబ్బ. వెనక కూర్చున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ కాలి మడమ చక్రం ఆకులలో పడుతుంది. వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే జాలీ ఉండాలని మోటారు వాహనాల నిబంధనలలోనే ఉంది. డబ్బాలు కట్టడానికి అడ్డమని దానిని విప్పి పశువుల కొట్టంలో పడేస్తున్నారు. దయచేసి వెతికి మళ్ళీ బిగించండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు సైకిలు గాని, మోపెడు గాని, నడిపేవారు కాక ఒక్కరే ఎక్కాలి. నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ హెల్మెటు ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను ఎక్కించుకుంటే వారి తలకు సరిపోయే హెల్మెటు, పిల్లవాణ్ణి పెద్దవారితో కట్టి ఉంచే బెల్టు ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉంది. పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మోపెడు ఇచ్చి పాలు పంపిస్తున్నవారు కూడా ఈ సభలో ఉన్నారు. 2019 సవరణ ప్రకారం తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ట్రాక్టరుకు రిజిస్ట్రేషనులో ఉన్నది డ్రైవరు సీటు ఒక్కటే. మడ్‌గార్డు మీద కూర్చున్నవారికి నష్టపరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీది కాదని కోర్టులు తీర్పులు ఇచ్చిన సందర్భాలున్నాయి. పరిహారం అప్పుడు ట్రాక్టరు యజమాని మీదే పడుతుంది. ఎకరం అమ్ముకున్నవారిని నేను చూశాను.

ఈ మాటలన్నీ పొద్దున కేంద్రం దగ్గర కొందరితో అన్నాను. ఒక సోదరి గట్టిగా అడిగారు: “మా ఆయన పాలు పిండి పొలం పోతాడు, అత్తమ్మకు కళ్ళు కనబడవు. చంటిదాన్ని ఎవరి దగ్గర వదిలిరమ్మంటారు సార్?” ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. సరదా కోసం ఎవరూ తెల్లవారుజామున పిల్లలను బండెక్కించుకుని తిప్పరు. ఇంట్లో దిక్కులేక తెస్తారు.

దీనికి నాకు తోచింది ఇది. మన కేంద్రంలో తూకం, వెన్న శాతం యంత్రమే చూస్తుంది, ఎవరి ఖాతా వారి నంబరు మీద విడిగా పడుతుంది. డబ్బా ఎవరు మోసుకువచ్చినా డబ్బు మారదు. ఒక వీధిలో నాలుగైదు ఇళ్ళు కలిసి వంతులు వేసుకోవచ్చు. ఒకరు అందరి పాలు తెస్తారు, ఒకరు పిల్లల దగ్గర ఉంటారు. డబ్బాల మీద నంబరు రంగుతో రాయిస్తే చాలు. నా పాలలో పక్కవాళ్ళు నీళ్ళు పోస్తారేమో అని మీ అనుమానం, ఆ నవ్వు చూస్తే తెలుస్తోంది. డబ్బాకు మూత బిగించి సీలు తీగ వేయండి. పడమటి వీధివారు మాత్రం కేంద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఉన్నారు. అక్కడ ఉదయం పూట ఒక ఉప కేంద్రం పెట్టడం సాధ్యమా అని పాలకవర్గం ఆలోచించాలి. ఖర్చు లెక్కలు నేను వేసి ఇస్తాను.

ట్రాక్టర్లున్నవారికి ఒక మనవి. ఇంటి దగ్గర ఆపినప్పుడు తాళంచెవి బండికి వదలకండి, మొలతాడుకో జేబులోనో పెట్టుకోండి. కదిలించేముందు దిగి, ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. ఎండవేళ ట్రక్కు కింద నీడకు పిల్లలు చేరతారు, కుక్కలు చేరతాయి. వెనక్కు తీసేటప్పుడు పెద్దమనిషి ఒకరు కింద నిలబడి చెప్పాలి. గడ్డి మోపుల మీద పిల్లలను ఎక్కించి తేవడం మానండి. మన ఊరి చెరువుకట్ట దగ్గర కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో కరెంటువాళ్ళకు సంఘం తరఫున ఒక ఉత్తరం కూడా రాయాలి.

కార్యక్రమ పట్టికలో ఏడవ అంశంగా ఒక తీర్మానం ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మడ్‌గార్డు మీద గాని, డబ్బాల మీద గాని పిల్లలను కూర్చోబెట్టుకు వచ్చినవారి పాలు, ఆ పూట వరుసలో అందరికన్నా చివర తీసుకోవాలని. పాలు తీసుకోకుండా తిప్పిపంపడం ఉపనిబంధనల ప్రకారం కుదరదు, అందుకే అలా రాశాం. రెండవ భాగం, పిల్లల హెల్మెట్లు సంఘం ఒకేసారి కొని, పాల బిల్లులో నాలుగు వాయిదాలుగా పట్టుకోవడం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి. మినిట్సులో మీ పేరుతోనే రాయిస్తాను.

తల కొలవడానికి టేపు కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. సభ అయ్యాక పిల్లలను తీసుకురండి, నడిపించుకునే.