నిద్రపట్టని రాత్రి జాములు

(శతవార్షికోత్సవ సందర్భమున సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి సభ్యుల సంయుక్త కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో నిద్రను గూర్చి ప్రసంగమేమిటని మీరు తలంచవచ్చును. గుడులను, బడులను, ఆసుపత్రులను కట్టిన పెద్దలను గూర్చి చెప్పుటకు మాకంటె యోగ్యులు ఈ వేదికమీదనే ఉన్నారు. మాకు అప్పగింపబడిన అంశము చిన్నది. నిద్రపట్టనివారు రాత్రిని ఎట్లు గడుపుచున్నారు? ఎట్లు గడుపవలెను? అయితే గృహదర్శనములకు వెళ్లినప్పుడు మేము తరచుగా వినుచున్న మాట ఇదియే: "రాత్రంతా కన్ను మూతపడలేదు అయ్యగారూ." పంటను గూర్చి, పిల్లల చదువును గూర్చి మాట్లాడిన తరువాత, మేము లేచి చెప్పులు తొడుగుకొను సమయమున ఈ మాట బయటికి వచ్చును. చివర వచ్చు మాటలోనే అసలు సంగతి ఉండునని మాకు ఆలస్యముగా తెలిసినది.

రాత్రి మేల్కొనువారు రెండు విధములు. పని కొరకు మేల్కొనువారు మొదటివారు. ప్రసవపు వార్డులోని నర్సు, సింగరేణి గనిలో రాత్రి షిఫ్టు కార్మికుడు, కల్లములో మిరపకాయల రాశి ప్రక్కన మంచము వేసికొన్న రైతు, పొగాకు బ్యారన్‌లో మంట తగ్గకుండ చూచు కూలీ, వీరందరు మన సంఘములవారే. వీరికి నిద్ర చాలదు గాని, నిద్ర రాదను బాధ లేదు. అవకాశము దొరికినచో గోనెపట్టా మీదనైనను నిద్రింతురు. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదని మన పెద్దలు అన్నది వీరిని చూచియే.

రెండవవారికి మంచమున్నది, దిండున్నది, నిద్ర మాత్రము లేదు. ఈ దినము మా మాటలు వీరిని గూర్చియే.

మన పెద్దలు రాత్రిని నాలుగు జాములుగా విభజించిరి. జాము అనగా మూడు గంటలు. రోమీయులును రాత్రిని నాలుగుగానే విభజించిరి. మార్కు సువార్త 13వ అధ్యాయము చివర ప్రభువు ఆ నాలుగింటిని వరుసగా చెప్పుట మీకు జ్ఞాపకమే. సంఘస్థులు మాతో చెప్పినదానిని బట్టి చూడగా, ఒక్కొక్క జాముకు ఒక్కొక్క కాలక్షేపమున్నది. మొదటి జామున ఇంటి వాసములు లెక్కించుట, ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దొర్లుట. రెండవ జామున అప్పులు కూడుట, వడ్డీ వేయుట, ఎప్పుడో ఎవరో అన్న మాటకు ఇప్పుడు సమాధానము వెదకుట. మూడవ జామున, ఈ దినములలో, సెల్‌ఫోను తీయుట. ఒక్క సమాచారము చూచి పెట్టెదమని తీసిన ఫోను గంట తరువాత కూడ చేతిలోనే ఉండును. నాలుగవ జామున ఏమియు చేయలేక, కోడి ఎప్పుడు కూయునా అని ఎదురుచూచుట. యోబు గ్రంథము 7వ అధ్యాయములో ఆ భక్తుడు తెల్లవారువరకు ఇటు అటు పొరలుటను గూర్చి చెప్పుకొనెను. కాబట్టి ఇది నేటి వ్యాధి కాదు.

నిద్రపట్టని రాజులు ఇద్దరిని మీ యెదుట ఉంచుదుము. మహాభారతము ఉద్యోగపర్వములో ధృతరాష్ట్రునికి నిద్రపట్టలేదు. పాండవుల యొద్దకు రాయబారమునకు వెళ్లివచ్చిన సంజయుడు తెల్లవారి సభలో ఏమి చెప్పునోయను దిగులుతో విదురుని పిలిపించుకొని నీతులు చెప్పించుకొనెను. విదురుడు రాత్రి పొడుగున మంచి మాటలే చెప్పెను. రాజు వినెను, మెచ్చుకొనెను. పాండవుల భాగమును మాత్రము ఇప్పింపలేదు. యుద్ధము రానేవచ్చినది.

రెండవవాడు ఎస్తేరు గ్రంథము 6వ అధ్యాయములోని అహష్వేరోషు. నిద్రపట్టక రాజ్యపు సమాచార గ్రంథమును తెప్పించి చదివించుకొనెను. అందులో మొర్దెకై తన ప్రాణమును కాపాడిన సంగతి వచ్చెను. అతనికి ఏమి బహుమానము చేసితిమని అడుగగా, ఏమియు చేయలేదని సేవకులు చెప్పిరి. తెల్లవారగానే రాజు ఆ బాకీని తీర్చెను. మొర్దెకై కొరకు హామాను సిద్ధపరచిన ఉరికొయ్య ఆ దినమున అతనికి తగులలేదు. ఎస్తేరు గ్రంథములో దేవుని నామము ఎక్కడను కనబడదు. అయినను ఒక రాజుకు నిద్రపట్టని రాత్రి ఒక జనాంగము బ్రదుకుటకు దారియాయెను.

ఇద్దరు రాజులకును నిద్ర లేదు. ఇద్దరును వినిరి. ఒకడు తెల్లవారిన తరువాత బాకీ తీర్చెను, మరియొకడు తీర్చలేదు. ఉన్న భేదము అంతే.

ఇచ్చట మేము మా స్వంత బాకీ ఒకటి ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామ సంఘములో సేవ చేయుచుండగా, ఒక ఆదివారము 127వ కీర్తనపై ప్రసంగించితిమి. దేవునికి ప్రియులైనవారికి నిద్ర ఆయన వరమని, విశ్వాసము గలవాడు హాయిగా నిద్రించునని, నిద్రలేమి అవిశ్వాసమునకు గురుతని గట్టిగా చెప్పితిమి. ఆ హెబ్రీ వాక్యమును రెండు విధములుగా అనువదింపవచ్చును. ప్రియులకు నిద్రను ఇచ్చునని చెప్పవచ్చును. వారు నిద్రించుచుండగా కావలసినవి ఇచ్చునని కూడ చెప్పవచ్చును. మన తెలుగు బైబిలు రెండవ అర్థమునే గ్రహించినది. వేదాంత కళాశాలలో ఇది నేర్చుకొనియు, ఆ దినమున ప్రసంగము రక్తికట్టుటకు మొదటిదానినే పట్టుకొంటిమి.

ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధ విధవరాలు గుడి మెట్టుమీద మా కొరకు నిలిచియుండెను. "అయ్యగారూ, నాకు పదకొండేళ్లుగా సరైన నిద్ర లేదండీ. అయితే నేను ఆయనకు అక్కర్లేనిదాన్నా?" అని అడిగెను.

మరియొక గ్రామములో ఆరాధనకు వేళ మించిపోవుచుండెను. "ప్రార్థన చేసుకోండమ్మా, అంతా సరి అవుతుంది" అని చెప్పి మోటారు సైకిలు ఎక్కితిమి. తరువాతి రెండు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. రాలేదని గమనించితిమి గాని, వెళ్లి అడుగలేదు.

మూడవ వారములో మా బిడ్డకు జ్వరము వచ్చినది. మేమును, అమ్మగారును వంతులవారీగా తడిగుడ్డ వేయుచు మేల్కొనియుంటిమి. జ్వరము దిగినను మాకు నిద్ర రాలేదు. ఆ రాత్రి ఏ గ్రంథమును తెరువకుండగనే ఆ గుడి మెట్టు, ఆ ప్రశ్న మా యెదుట నిలిచినవి. నిద్ర లేదు గనుక మాకు విశ్వాసము లేదని ఎవరైనను ఆ రాత్రి మాతో చెప్పియుంటే మేమేమందుము?

మరునాడు ఉదయమే ఆమె ఇంటికి వెళ్లితిమి. "అమ్మా, ఆ ఆదివారము మేము చెప్పినది తప్పు, మమ్మును క్షమించండి" అంటిమి. ఆమె ఒక నిమిషము మాటలాడలేదు. తరువాత లోపలికి వెళ్లి రెండు గిన్నెలు తెచ్చెను. ఒకదానిలో చింతపిక్కలున్నవి. రెండవది ఖాళీ.

"చూపు ఆనదండీ, వాక్యం చదువుకోలేను. రాత్రి మెలకువ రాగానే ఈ గిన్నె దగ్గర పెట్టుకుంటాను. కాలువ వంతెన కాడ మొదటి ఇల్లు మొదలుకొని ఒక్కో ఇంటికీ ఒక్కో పిక్క. ఆ ఇంట్లోవాళ్ల పేర్లన్నీ ప్రభువుకు చెప్పి, పిక్క ఈ గిన్నెలో వేస్తాను. మొత్తం నలభై రెండు. మీ ఇల్లు ఆఖరి పిక్క అయ్యగారూ. మీ కాడికొచ్చేసరికి కోడి కూస్తది."

మాకు నోట మాట రాలేదు. ఆమెయే మరల అనెను: "గుడికి రాలేదు గానీ, ఆ రెండు వారాలూ మీ పిక్క మాత్రం తియ్యలేదండీ."

ప్రియులారా, వేదాంత పట్టము పొందిన మేము ఆ దినమున ఆమె అరుగుమీద క్రొత్త పాఠము చదువుకొంటిమి. నిద్రలేమి పాపము కాదు. కీర్తనకారుడు 77వ కీర్తనలో దేవుడే తన కన్నులను మూతపడనీయలేదని మొరపెట్టెను. 63వ కీర్తనలో పడకమీద రాత్రి జాములయందు దేవుని ధ్యానించెను. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రివేళ పాడుచుండిరి. పన్నెండుగురు అపొస్తలులను ఏర్పరచుకొనుటకు ముందు రాత్రి ప్రభువు కొండమీద ప్రార్థనలో గడిపెను. గెత్సేమనేలో నిద్రపోయినవారు ఎవరు? శిష్యులు. మేల్కొనియున్నవాడు ఎవరు? యేసు ప్రభువు. 121వ కీర్తన ప్రకారము మనలను కాపాడువాడు కునుకడు. కావున నిద్రపట్టనివాడు ఒంటరిగా మేల్కొని యుండుట లేదు.

సంఘ చరిత్రయు ఇదే చెప్పుచున్నది. ఆరవ శతాబ్దములో బెనెడిక్టు వ్రాసిన నియమావళి ప్రకారము సన్యాసులు చీకటి ఉండగనే లేచి కీర్తనలు పాడెడివారు. జర్మనీలోని హెర్న్‌హుట్ గ్రామములో మొరేవియను విశ్వాసులు 1727లో గంటలను పంచుకొని రాత్రింబగళ్లు ప్రార్థన ఆరంభించిరి. అది నూరేండ్లకు పైగా సాగినది. మనము డిసెంబరు 31 రాత్రి చేయు మెలకువ ఆరాధనయు మొరేవియనుల యొద్దనుండి జాన్ వెస్లీ గ్రహించి మెథడిస్టులలో వ్యాపింపజేసినదే. మన చింతపిక్కల తల్లి ఈ చరిత్ర ఏదియు చదువలేదు. అయినను ఆమె ఆ వరుసలోనిదే.

అట్లని వైద్యమును త్రోసిపుచ్చవద్దని మనవి. ఈ తల్లిని మేమే ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోతిమి. మోకాళ్ల నొప్పి ఆమెను పదే పదే లేపుచున్నదని డాక్టరుగారు గ్రహించి మందు ఇచ్చిరి. వారములో మూడు రాత్రులైనను నిద్ర లేక, మూడు మాసములు అట్లే గడచినచో, దానిని వైద్యులు దీర్ఘకాలపు నిద్రలేమి అందురు. అప్పుడు డాక్టరును చూడవలెను. తెల్లవారుజామున ముందుగా మెలకువ వచ్చి, దేనియందును ఆసక్తి లేక, బ్రదుకు మీద విరక్తి కలుగుచున్నచో ఒక్క దినము కూడ ఆలస్యము చేయరాదు. అది మనోవ్యాధి కావచ్చును. దానికి చికిత్స ఉన్నది. గురక పెట్టుచు మధ్యలో ఊపిరి ఆగినట్లై త్రుళ్లిపడి లేచువారును పరీక్ష చేయించుకొనవలెను. నిద్రమాత్రలు పొరుగువారి సలహామీద మ్రింగరాదు.

సాయంత్రము 5 గంటలకు త్రాగిన కాఫీలోని కెఫీను, సుమారుగా సగము, రాత్రి 10 గంటలకును శరీరములో ఉండును. 1972లో రిచర్డ్ బూట్జిన్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఒక సులువైన పద్ధతి చెప్పెను. నిద్రపట్టనప్పుడు మంచముమీద పెనుగులాడక లేచి వేరొకచోట కూర్చుండవలెను. నిద్ర వచ్చినప్పుడే మరల పడుకొనవలెను. రాత్రి ఎట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. వైద్యులు నేటికిని ఈ పద్ధతిని చెప్పుచున్నారు. లేచి కూర్చుండి ఏమి చేయవలెనో చింతపిక్కల తల్లి మనకు చూపినది. సెల్‌ఫోను వెలుతురులో కూర్చుండుటకంటె మసక వెలుతురులో రెండు గిన్నెలతో కూర్చుండుట మేలు.

ముగించుచు ఒక్క మనవి. ఈ శతవార్షిక సంవత్సరమున మనము శిలాఫలకములు వేయుచున్నాము, సంతోషము. వాటితోపాటు, గృహదర్శనమునకు వెళ్లు ప్రతి గురువును, ప్రతి సంఘ పెద్దయు, స్త్రీల మైత్రిలోని ప్రతి సహోదరియు ఒక ప్రశ్న అడుగవలెనని వేడుకొనుచున్నాము: "రాత్రులు ఎట్లు గడుచుచున్నవి?" అని. చెప్పులు తొడుగుకొనకముందే అడుగుదము. సమాధానము వినువరకు కూర్చుందము. ప్రసంగము చేయవద్దు.

మేము ఆ గ్రామమునుండి బదిలీయై వచ్చునప్పుడు ఆ తల్లి చెప్పిన మాటతో చాలించెదము. "మందు వేసుకున్నాక సగం పిక్కలకే కునుకొస్తందండీ. మిగిలిన ఇళ్లవాళ్లకు పగలు చేస్తన్నాను. మీరెళ్లిపోయినా మీ పిక్క ఆ గిన్నెలోనే ఉంటది."

అట్టి గిన్నెలు ఎన్ని ఉన్నందున మన అధ్యక్ష మండలము ఈ నూరేండ్లు నిలిచినదో దేవునికే తెలుసు. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.