ఫైలుకూ ఓ వేలిముద్ర

బొగ్గు బాయిలోకి ఎవరెవరు దిగారో హాజరు మస్టరులో ఉంటుంది కాబట్టే, షిఫ్టు అయ్యాక ఎవరు పైకి రాలేదో తెలుస్తుంది. కంప్యూటర్‌లోని ఫైళ్లకూ అలాంటి లెక్క పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా.

విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే ఆదేశాలు ముందే ఉంటాయి. వాటికి ఫైలు పేరిచ్చి ఎస్‌హెచ్‌ఏ256 లెక్క అడిగితే 64 అక్షరాల వరుస వస్తుంది, అదే ఆ ఫైలు వేలిముద్ర. జీతాల పట్టీలో ఒక్క సున్నా మారినా ఆ వరుస మారిపోతుంది. ఫైలు మీది తేదీని మాత్రం నమ్మకండి, దాన్ని వెనక్కి తిప్పడం తేలిక.

ఆ వరుసను పెన్‌డ్రైవులో విడిగా దాచండి. అదే కంప్యూటర్‌లో ఉంచితే చొరబడినవాడు దాన్నీ మార్చేస్తాడు. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకిన వానాక్రై వైరస్ లాంటి దాడిని ఈ వేలిముద్ర ఆపలేదు. ఏ ఫైలు చెడిందో, దాచుకున్న ఏ నకలు మంచిదో మాత్రం కచ్చితంగా చెబుతుంది.