ఇంట్లో డిజిటల్ సంగీతానికి ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి?



గోడకు తగిలించే టి.వి.లు పలచబడిన కొద్దీ వాటిలో స్పీకర్‌కు చోటు తగ్గిపోయింది. బొమ్మ కళ్ళు చెదిరేలా ఉంటుంది, మాట మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్లు ఉంటుంది. పాటలేమో ఫోనులోనో, కంప్యూటర్‌లోనో ఉన్నాయి. ఒక చిన్న యాంప్లిఫయర్, రెండు మంచి స్పీకర్లు ఉంటే ఎంత బాగుండునని మీలో చాలామంది అనుకొని ఉంటారు. తీరా దుకాణానికి వెళితే ఒక పెట్టె మీద 2000 వాట్లు అని, పక్క పెట్టె మీద 5000 వాట్లు అని ఉంటుంది. ధరలో పెద్ద తేడా ఉండదు. ఏది కొనాలి? మామూలు కుటుంబాల్లో ఇటువంటి వస్తువుకు డబ్బు ఇచ్చేది ఒక్కసారే. అది సరైనచోట ఖర్చు కావాలంటే ఆ అంకెలను పరీక్షించడం మీకు తెలియాలి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం అందుకు సరిపోతుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందుగా పాట నడిచే దారి చూద్దాం. సి.డి. 1982లో మార్కెట్లోకి వచ్చింది. అందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా రాస్తారు. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వింటుంది. ఒక పౌనఃపున్యాన్ని మళ్ళీ నిర్మించాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. అందుకే ఆ 44,100. ఈ సంఖ్యలను తిరిగి విద్యుత్ తరంగంగా మార్చే చిప్‌ను డాక్ అంటారు. ఫోనులో, కంప్యూటర్‌లో అది ముందే ఉంటుంది. డాక్ నుంచి వచ్చే తరంగం మహా అయితే ఒకటి రెండు వోల్టులు. స్పీకర్ కాయిల్‌ను కదిలించేటంత కరెంటును అది ఇవ్వలేదు. ఆ పని యాంప్లిఫయర్‌ది.

కొనేటప్పుడు మాత్రం ఈ దారిలో వెనక నుంచి రావాలి. ముందు గది, మీరు కూర్చునే చోటు, తర్వాత స్పీకర్, ఆ తర్వాతే యాంప్లిఫయర్.

స్పీకర్‌తో వచ్చే కాగితంలో సెన్సిటివిటీ అని ఒక వరుస ఉంటుంది. 86 డెసిబెల్లు, 1 వాట్, 1 మీటర్ అని ఉందనుకోండి. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్ల ధ్వని వస్తుందని అర్థం. కొందరు 1 వాట్‌కు బదులు 2.83 వోల్టులు అని రాస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు రెండూ ఒకటే. 4 ఓమ్‌ల స్పీకర్‌కు మాత్రం 2.83 వోల్టులంటే 2 వాట్లు, కాబట్టి అక్కడ రాసిన అంకెలోంచి 3 తీసేసి చదవండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. దూరం రెట్టింపు అయితే ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది. విలోమ వర్గ నియమం మీకు తెలిసినదే. 12 అడుగుల గదిలో మీరు స్పీకర్లకు సుమారు 2.8 మీటర్ల దూరంలో కూర్చుంటే 9 డెసిబెల్లు పోతాయి. 86లో 9 తీసేస్తే 77. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలపండి, 80. గోడల నుంచి వెనక్కి వచ్చే ధ్వని ఇంకొంత సాయం చేస్తుంది, దానిని వదిలేద్దాం. అంటే ఒక్కొక్క స్పీకర్‌కు ఒక్క వాట్ ఇస్తే మీ చెవికి 80 డెసిబెల్లు చేరతాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60. సాయంత్రం పూట ఇంట్లో హాయిగా పాట వినడానికి 70 నుంచి 75 చాలు. 74 అనుకుంటే అది 80 కంటే 6 తక్కువ. అంటే పావు వాట్!

ఆశ్చర్యంగా ఉందా? పావు వాట్ సరిపోతే ఇక యాంప్లిఫయర్ ఎందుకు? ఎందుకంటే సంగీతం ఒకే ఎత్తులో నడవదు. వీణ మీద ఆలాపన నెమ్మదిగా సాగుతుంది. తని ఆవర్తనంలో మృదంగం మీద పడే ఒక్కొక్క దెబ్బ సగటు స్థాయి కంటే 20 డెసిబెల్లు పైకి ఎగరవచ్చు. డెసిబెల్ సంవర్గమానం మీద ఆధారపడిన కొలత. 10 డెసిబెల్లంటే 10 రెట్ల సామర్థ్యం, 20 అంటే 100 రెట్లు. పావు వాట్‌కు 100 రెట్లు 25 వాట్లు. ఆ దెబ్బ క్షణంలో పోయినా, ఆ క్షణానికి 25 వాట్లు ఉండాలి. లేకపోతే తరంగం తల కోసినట్లు చదునైపోతుంది, దెబ్బ పగిలినట్లు వినిపిస్తుంది. దీనినే క్లిప్పింగ్ అంటారు. ఇటీవలి సినిమా పాటలు చాలావాటిలో సగటుకూ శిఖరానికీ తేడా 10 డెసిబెల్ల లోపే ఉండేలా ముందే నొక్కేస్తారు. అవి మాత్రమే వినేవారికి 3 వాట్లు కూడా చాలు. అది మెచ్చుకోదగిన సంగతేమీ కాదు, లెక్క మాత్రం అంతే.

కాబట్టి మన గదికి ఒక్కొక్క చానెల్‌కు 25 నుంచి 30 నిజమైన వాట్లు చాలు. 60 వాట్లది కొంటే? వాట్లు రెట్టింపు, పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి, అంటే 300 వాట్లు కావాలి. ఇదే లెక్కను స్పీకర్ వైపు నుంచి చూడండి. 86కు బదులు 89 డెసిబెల్ల స్పీకర్ దొరికితే అవసరం పన్నెండున్నర వాట్లకు పడిపోతుంది. 83 అయితే 50కి పెరుగుతుంది. చిన్న పెట్టెలోంచి లోతైన ధ్వని కూడా రావాలంటే సెన్సిటివిటీ తగ్గక తప్పదు. అందుకే చేతిలో ఉన్న డబ్బులో మూడింట రెండు వంతులు స్పీకర్లకు కేటాయించమని నేను చెబుతాను. పాట రంగు మారేది అక్కడే.

మరి ఆ 2000 వాట్ల సంగతి? పక్కనే చిన్న అక్షరాలతో పి.ఎం.పి.ఒ. అని ఉంటుంది. దానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. పెట్టెను వెనక్కి తిప్పి, కరెంటు వైరు దగ్గర ఉండే పలకను చదవండి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 40 వాట్లు అని కనిపించవచ్చు. గోడ నుంచి 40 వాట్లు తీసుకునే పరికరం 2000 వాట్లు ఎలా ఇస్తుంది? శక్తి నిత్యత్వ నియమం దుకాణంలో కూడా పనిచేస్తుంది. కెపాసిటర్‌లో నిల్వ ఉన్న శక్తిని ఒక్కసారిగా వదులుతుందని ఎవరైనా వాదించవచ్చు. సరే, అదీ చూద్దాం. 25 వోల్టులకు చార్జి చేసిన 4,700 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌లో ఉండే శక్తి సూత్రం ప్రకారం సుమారు ఒకటిన్నర జౌలు. సెకనుకు 2000 జౌళ్ళ చొప్పున ఖర్చు చేస్తే అది ఒక మిల్లీసెకను కూడా నిలవదు. 100 హెర్ట్జ్ ధ్వనిలో ఒక్క కంపనానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది. మీరు వెతకవలసిన మాట ఆర్.ఎం.ఎస్. లేక నిరంతర సామర్థ్యం, దాని పక్కన ఎన్ని ఓమ్‌లకు, ఎంత డిస్టార్షన్ వద్ద అన్న వివరం. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇటువంటి ప్రకటనల మీద 1974లోనే నిబంధన పెట్టింది, 2024లో దానిని ఇంకా బిగించింది.

ఇక ఈ రోజుల్లో దొరికే అరచేతిలో పట్టే యాంప్లిఫయర్లు. ఇవి డి తరగతివి. ఇక్కడ డి అంటే డిజిటల్ కాదు. ఎ, బి, సి తర్వాత వచ్చిన అక్షరం, అంతే. పాత పద్ధతిలో ట్రాన్సిస్టర్ సగం తెరిచిన కుళాయిలా పనిచేస్తుంది, మిగిలిన శక్తి వేడిగా పోతుంది. బి తరగతికి సిద్ధాంతపరంగా గరిష్ఠ దక్షత 78.5 శాతం. డి తరగతిలో ట్రాన్సిస్టర్ స్విచ్‌లా పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం, ఇదే పని. సెకనుకు లక్షల సార్లు. పాట ఎత్తుపల్లాలను బట్టి తెరిచి ఉంచే వ్యవధి మారుతుంది. చివర ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ చప్పట్లను వడపోసి తరంగాన్ని మిగుల్చుతాయి. దక్షత 85, 90 శాతం. అందుకే పెద్ద అల్యూమినియం రెక్కలు అక్కర్లేదు. మొదటి యాంప్లిఫయర్‌గా నేను దీనినే ఎంచుకోమంటాను.

అయితే వీటి అడాప్టర్‌ను తప్పక చూడండి. టి.పి.ఎ.3116 అనే ప్రసిద్ధమైన చిప్ ఉంది. దాని కాగితంలో 50 వాట్లు, రెండు చానెళ్ళు అని ఉంటుంది. అది 21 వోల్టులు, 4 ఓమ్‌లు, 10 శాతం డిస్టార్షన్ ఉన్నప్పటి మాట. ఇటువంటి చిప్‌లలో స్పీకర్‌కు అందగల గరిష్ఠ వోల్టేజి ఇంచుమించు అడాప్టర్ వోల్టేజియే. కాబట్టి శుభ్రంగా వచ్చే సామర్థ్యం కావాలంటే వోల్టేజి వర్గాన్ని ఓమ్‌ల రెట్టింపుతో భాగించండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 21 వోల్టుల వద్ద 441ని 16తో భాగిస్తే 27 వాట్లు. మన గదికి సరిగ్గా కావలసినంత. అదే చిప్‌కు 12 వోల్టుల అడాప్టర్ ఇస్తే 144 బై 16, తొమ్మిది వాట్లే. పెట్టె మీద 100 వాట్లు అని ఉన్నా సరే.

డాక్ గురించి ఎక్కువ చెప్పను. ఒక్కొక్క బిట్‌కు 6 డెసిబెల్ల చొప్పున 16 బిట్లకు 96 డెసిబెల్ల పరిధి. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో 40, 50 డెసిబెల్ల చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. ఆ ఫ్యాన్ కింద కూర్చుని 24 బిట్ల కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. టి.వి. నుంచి ఆప్టికల్ కేబుల్ తీసుకుంటే మాత్రం సెట్టింగ్స్‌లో పి.సి.ఎం. ఎంచుకోండి. లేకపోతే కొన్ని డాక్‌లు మూగగా ఉండిపోతాయి. వైరుకు కూడా ఇదే మాట. మూడు నాలుగు మీటర్ల దూరానికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. రానూపోనూ దాని నిరోధం ఒక ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు.

ఒక ప్రమాదం గురించి కాస్త నిలిచి చెప్పాలి. కంప్యూటర్‌నూ యాంప్లిఫయర్‌నూ కలిపినప్పుడు ఒక్కొక్కసారి సన్నగా గుమ్మని శబ్దం వస్తుంది. రెండింటికీ మూడు పిన్నుల ప్లగ్గులుంటే, ఎర్త్ వైరూ ఆడియో వైరూ కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. అందులో 50 హెర్ట్జ్ కరెంటు ప్రవహిస్తుంది. ఎర్త్ పిన్ను తీసేస్తే శబ్దం పోతుందని కొందరు సలహా ఇస్తారు. శబ్దం పోయే మాట నిజమే. కాని లోపల ఫేజ్ వైరు ఊడి లోహపు పెట్టెకు తగిలిన రోజు, ఫ్యూజ్ కొట్టేసే మార్గం కూడా పోతుంది. ఆ పెట్టె మీద చెయ్యి వేసేది మీ తమ్ముడో, అమ్మో కావచ్చు. ఆ పని ఎప్పుడూ చేయకండి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. తగ్గకపోతే ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్ళేది కాంతి కాబట్టి వలయమే ఉండదు.

చెవి లెక్క కూడా రాసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 83కు 20 గంటలు, 89కి 5 గంటలు. మన గదిలో 80 అంటే ఎన్ని వాట్లో ఇందాకే చూశాం.

ఇంటికి ఒక లెక్క ఇస్తున్నాను. పాత లాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు. స్పీకర్లు 6 ఓమ్‌లు, ఒక వాట్‌కు 87 డెసిబెల్లు. మీరు కూర్చునేది 2 మీటర్ల దూరంలో. యాంప్లిఫయర్ డి తరగతి, దక్షత 90 శాతం. ఒక్కొక్క చానెల్‌కు శుభ్రమైన వాట్లు ఎన్ని? శిఖరంలో ఎన్ని డెసిబెల్లు? రెండు చానెళ్ళూ ఒకేసారి గరిష్ఠ సామర్థ్యంతో ఆగకుండా పనిచేస్తే ఆ అడాప్టర్ తట్టుకుంటుందా?